ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ రూటర్ పెట్టుకోవడం: గోడ రంధ్రం నుంచి పై పోర్షన్ దాకా

కొత్తగా ఫైబర్ కనెక్షన్ వేయించుకున్న ఇంట్లో మొదటి వారమే వినిపించే మాట: "హాల్లో బాగా వస్తాంది, లోపలి గదిలో తిరుగుతానే ఉంటది." దానికి 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 200 ప్లాన్ కట్టేవాళ్లు చాలామంది. ఆ తర్వాత కూడా లోపలి గదిలో అదే తిరుగుడు. డబ్బులు కట్టేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: లోపం ఎటు వైపు ఉంది? వీధి స్తంభం నుంచి ఇంట్లో డబ్బా దాకా ఫైబర్ వెలుగు, ఆ డబ్బా కంపెనీకి చేసే లాగిన్, డబ్బా నుంచి మీ ఫోన్ దాకా వైఫై, ఈ మూడూ వేర్వేరు. ఏది చెడిందో చూడగానే తెలిసేలా మొదట్నుంచీ పెట్టుకుంటే సగం ఫోన్ కాల్స్ తప్పుతాయి.

లైన్ వేసే మనిషి రాకముందే

డబ్బా ఎక్కడ ఉండాలో మీరే తేల్చుకోండి. ఆయనకు వదిలేస్తే వీధి వైపు కిటికీ పక్కనో, మెయిన్ డోర్ పైనో బిగించేసి వెళ్తాడు. వైరు తక్కువ పడుతుంది, పని తొందరగా అవుతుంది. మీకు కావాల్సిందేమో ఇంటి నడిమి గోడ, నేలకు ఐదారు అడుగుల ఎత్తు, దగ్గర్లో రెండు ప్లగ్గులు. అక్కడిదాకా రావడానికి ఇంకో పదిహేను మీటర్ల ఫైబర్ పట్టినా వేయమని అడగండి. ఫైబర్‌లో కిలోమీటరుకు పోయేదే అర డెసిబెల్ (సిగ్నల్ నష్టం కొలత) లోపు. పదిహేను మీటర్లు లెక్కలోకే రావు. వైఫై అలా కాదు, ఒక్క గోడ అడ్డమొచ్చినా అంతకు ఎన్నో రెట్లు పోతుంది.

గోడకు రంధ్రం వేసేటప్పుడు బయటి వైపుకు కాస్త వాలుగా ఉండేలా చూడండి. వైరును కూడా నేరుగా దూర్చకుండా, బయట జానెడు కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తెచ్చి దూర్చాలి. నీళ్లు ఆ వేలాడే చోటే కారిపోతాయి. నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అవీ తూర్పు గాలితో గోడకు కొట్టే వానలు. ఈ వాలు లేని ఇళ్లలో వైరు వెంబడే నీళ్లొచ్చి డబ్బా మీద పడతాయి.

బల్లపరుపుగా ఉండే నల్ల డ్రాప్ వైరుకు ఒక పక్కన బరువు మోసే తీగ ఉంటుంది. అది చాలావాటిలో ఉక్కు తీగ. దాని పని స్తంభం నుంచి ఇంటి కొక్కెం దాకానే. కొక్కెం దగ్గర దాన్ని చీల్చి కట్టేసి, మిగతా వైరునే లోపలికి తేవాలి. ఆ తీగను కరెంటు సర్వీసు వైరు పైపుకు కట్టనివ్వకండి.

లోపల మూలల దగ్గర వైరును మడిచి మేకు కొట్టడం మామూలుగా జరిగే తప్పు. టీ గ్లాసు కంటే చిన్న చుట్టు రాకూడదు, అంటే మధ్య నుంచి అంచుకు 30 మిల్లీమీటర్ల కంటే తక్కువ వద్దు. క్లిప్పులు వైరును పట్టుకోవాలే గానీ నలపకూడదు. డబ్బా వెనక రెండు మీటర్ల వైరు గుండ్రంగా చుట్టి వదలమనండి. రేపు కనెక్టర్ విరిగితే కోసి మళ్లీ వేయడానికి అది కావాలి.

ఆయన బండెక్కేలోపు రాసుకోవాల్సినవి

ఒక కాగితం మీద ఇవి రాయించుకుని బీరువాలో పెట్టండి. డబ్బా కింద అంటిస్తే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చూస్తారు.

- పీపీపీఓఈ, అంటే మీ లైన్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి, దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ (పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాతో సహా). బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కూ, చాలా లోకల్ కేబుల్ ఆపరేటర్ల లైన్లకూ ఇది ఉంటుంది. జియో ఫైబర్‌లో ఇది అడగదు, వాళ్ల డబ్బానే గుర్తింపు.
- వీల్యాన్ నంబరు (కంపెనీ లైన్‌లో మీ ఇంటర్నెట్‌ను వేరు చేసే నంబరు), ఉంటే.
- ఓఎన్‌టీ బ్రిడ్జి మోడ్‌లో ఉందా (లాగిన్ మీ రూటర్ చేయాలి), రూటర్ మోడ్‌లో ఉందా (లాగిన్ అదే చేసుకుంటుంది). గోడకు బిగించిన, ఫైబర్ దూరే డబ్బాయే ఓఎన్‌టీ.
- ఓఎన్‌టీ సెట్టింగ్ పేజీ అడ్రసు, దాని లాగిన్.
- ఫైబర్ కొసన మీటరు పెట్టి చూసిన వెలుగు రీడింగ్.

చివరిదాన్ని ఎవరూ అడగరు. అన్నిటికంటే పనికొచ్చేది అదే. రీడింగ్ మైనస్‌లో ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం (వెలుగు బలం కొలత) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే హద్దు మీద ఉన్నట్టు. ఈరోజు పనిచేస్తుంది, వైరు కొంచెం నలిగినా, జాయింటులో తడి చేరినా పోతుంది. 3 డెసిబెల్ పడిందంటే వెలుగు సగమైందని అర్థం. మైనస్ 26 చూపిస్తుంటే అప్పుడే కనెక్టర్ తుడిచి, కొస మళ్లీ కోసి వేయమని అడగండి. ఆయన బండెక్కాక మళ్లీ రప్పించడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఫైబర్ కొసను మీరు వేలితో ముట్టుకోవద్దు, చర్మం జిడ్డే దానికి మసక. కంటికి దగ్గర పెట్టి చూడనే కూడదు. అందులో వచ్చే లేజరు వెలుగు కంటికి కనపడదు. ఇంకో సంగతి, ఆకుపచ్చ కనెక్టర్ ఆకుపచ్చ సాకెట్‌లోకే, నీలం నీలంలోకే. ఆకుపచ్చదాని కొస ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం దాంట్లో పెడితే రెండు ముఖాలూ ఆనుకోక వెలుగు భారీగా పడిపోతుంది.

లైట్లు చదవడం

ఆన్ చేశాక రెండు మూడు నిమిషాలు ఆగండి. పాన్ (PON) లైటు ఆకుపచ్చగా నిలకడగా వెలగాలి. లాస్ (LOS) లైటు ఆరిపోయి ఉండాలి. లాస్ ఎర్రగా వెలిగినా, మినుకుమన్నా వెలుగు రావట్లేదు లేదా చాలట్లేదు. అప్పుడు రూటర్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం ఉండదు. పాన్ మినుకుమంటూనే ఉంటే వెలుగు వస్తోంది గానీ కంపెనీ వైపు మీ డబ్బా నమోదు కాలేదు. పాన్ బాగుండి ఇంటర్నెట్ లైటు మాత్రం ఎర్రగా ఉంటే లాగిన్ తప్పో, బిల్లు గడువో.

సొంత రూటర్ కలిపితే

ఓఎన్‌టీలోనే వైఫై ఉంటే చిన్న ఇంటికి అది చాలు. పెద్ద ఇంటికి వేరే రూటర్ కొన్నప్పుడు ఓఎన్‌టీ ల్యాన్ 1 పోర్టు (ఇంట్లోని వాటికి ఇచ్చేది) నుంచి కొత్త రూటర్ వ్యాన్ పోర్టుకు (బయటి లైన్ వచ్చే చోటు) వైరు వేయండి. వ్యాన్ పోర్టు చాలా రూటర్లలో వేరే రంగులో ఉంటుంది. ఇక్కడ రెండు దారులున్నాయి, రెండూ కలిపేస్తేనే చిక్కు.

ఓఎన్‌టీ బ్రిడ్జి మోడ్‌లో ఉంటే లాగిన్ చేయాల్సింది మీ రూటరే. అందులో కనెక్షన్ రకం పీపీపీఓఈ అని ఎంచుకుని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వేయాలి. ఎంటీయూ (ఒక్కోసారి పంపే డేటా ముక్క గరిష్ఠ సైజు) 1492 ఉంచాలి. 1500 పెడితే కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతాయి, కారణం అంతుపట్టదు.

ఓఎన్‌టీయే లాగిన్ చేస్తుంటే మీ రూటర్‌లో మళ్లీ పీపీపీఓఈ వేయకండి. రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చేయండి. అప్పుడది వైఫై పంచే పని మాత్రమే చేస్తుంది, ఇంట్లోని ఫోన్లు, టీవీ, ప్రింటరు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఆ మోడ్ లేని పాత రూటరైతే కనెక్షన్ రకం డైనమిక్ ఐపీ (అడ్రసు దానంతటదే తీసుకునేది) పెట్టి, దాని ల్యాన్ అడ్రసు మార్చాలి. ఓఎన్‌టీ 192.168.1.1 అయితే రూటర్‌ను 192.168.5.1 చేయండి. రెండిటికీ ఒకే అడ్రసుంటే నెట్టు ఎటు పోవాలో రూటర్‌కు తెలియదు. కొత్త రూటర్ పెట్టాక లాగిన్ సరిగా వేసినా ఎక్కకపోతే, కంపెనీ వాళ్లు పాత డబ్బా మ్యాక్ అడ్రసును (ప్రతి డబ్బాకూ ఉండే గుర్తింపు నంబరు) పట్టుకుని ఉండొచ్చు. ఫోన్ చేసి 'మ్యాక్ రిలీజ్ చేయండి' అని అడిగితే చాలు.

సెట్టింగ్ పేజీ తెరవడం

1. కొత్త రూటర్ అడుగున రాసున్న వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో ఫోన్ కలపండి.
2. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. ఇది మరిచిపోయి గంటలు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. కొత్త రూటర్‌లో ఇంకా నెట్టు లేదు కాబట్టి ఫోన్ తనంతట తనే డేటా మీదికి పోతుంది, పేజీ తెరుచుకోదు.
3. బ్రౌజర్ పైన అడ్రసు గడిలో 192.168.0.1 లేదా 192.168.1.1 కొట్టండి. జియో డబ్బాకు 192.168.29.1. ఏదీ రాకపోతే ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే అని ఉన్న నంబరు చూడండి, అదే.
4. మొదట అడిగేది అడ్మిన్ పాస్‌వర్డ్. వైఫై పాస్‌వర్డ్, ఇదీ వేర్వేరుగా ఉండాలి. వైఫైది పిల్లలకు, చుట్టాలకు చెప్తారు. ఇది ఎవరికీ చెప్పకూడదు.
5. కనెక్షన్ రకం పైన చెప్పినట్టు పెట్టి సేవ్ చేయండి. స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ మీ లైన్‌కు ఇచ్చిన అడ్రసు) కనిపించే దాకా ముందుకు పోకండి. అక్కడ 0.0.0.0 ఉంటే లాగిన్ ఎక్కలేదు.

ఆ వ్యాన్ ఐపీని ఒకసారి చూసి పెట్టుకోండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును చాలామందికి పంచుతోందని లెక్క. అలాంటి లైన్‌లో సీసీ కెమెరా డీవీఆర్‌కు (రికార్డింగ్ డబ్బా) పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి నేరుగా దారి) పెట్టినా బయటి నుంచి తెరుచుకోదు. కెమెరా కంపెనీ యాప్ ద్వారా క్లౌడ్‌లో చూడాలి, లేదా నెలకు కొంత కట్టి స్టాటిక్ ఐపీ (మీకే సొంతమైన, మారని అడ్రసు) తీసుకోవాలి.

వైఫై సెట్టింగులు

పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. తెలుగులో పెట్టుకోవాలని మనకుంటుంది గానీ కొన్ని టీవీలు, కెమెరాలు గడులు గడులుగా చూపించి కలవకుండా మొండికేస్తాయి. పేరులో ఇంటి నంబరు, ఫోన్ నంబరు వద్దు. పేరు దాచి పెట్టడం వల్ల భద్రతేమీ పెరగదు, మీకే ప్రతిసారీ టైపు చేసే పని.

సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, లేదా డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసినది. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత ఫోన్లు కలవవు. పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలుండాలి. పది అంకెల సెల్ నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టే అలవాటు మన ఊళ్లలో బాగా ఉంది, పక్కింటి పిల్లలు మొదట ప్రయత్నించేది అదే.

రెండు బ్యాండ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, రెండో గోడకే నీరసపడుతుంది. రెండిటికీ ఒకే పేరుంటే కొన్ని ఫోన్లు పక్కగదిలో కూడా 2.4నే పట్టుకుని వేలాడతాయి. అలా జరుగుతుంటే పేర్లు విడదీయండి. టీవీ, లాప్‌టాప్ 5కి, కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు, దూరపు గదులు 2.4కి. చవక కెమెరాలు చాలావరకు 2.4లో తప్ప పనిచేయవు. అందుకే "కెమెరా వైఫై పట్టట్లేదు" అంటుంటే ముందు చూడాల్సింది ఇది.

2.4లో చానెల్ 1, 6, 11లో ఒకటి పెట్టాలి. ఒకదానిమీద ఒకటి పడనివి ఆ మూడే. ఒంగోలు లాయర్‌పేట, నెల్లూరు మాగుంట లేఅవుట్ లాంటి చోట్ల అపార్ట్‌మెంట్‌లో నిలబడి వైఫై ఎనలైజర్ యాప్ తెరిస్తే పదిహేను ఇరవై పేర్లు కనిపిస్తాయి. ఆ మూడు చానెళ్లలో తక్కువ రద్దీ ఉన్నది ఎంచుకోండి. చానెల్ 3 ఖాళీగా ఉందని అక్కడ పెడితే 1 వాళ్లతోనూ, 6 వాళ్లతోనూ గొడవే. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే వేగం పెరుగుతుందని యూట్యూబ్‌లో చెప్తారు, రద్దీ ఉన్న చోట తగ్గుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చానెల్ 36 లేదా 149, వెడల్పు 80.

డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సౌకర్యం) ఆపేయండి, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి సెట్టింగులు మార్చే దారి) ఆపేయండి. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి ఇవ్వండి. ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే అప్పుడే చేయండి, కరెంటు నిలకడగా ఉన్న వేళ చూసుకుని. మధ్యలో పోతే డబ్బా చచ్చిపోతుంది.

గోడలు, బీరువాలు, పై పోర్షన్

ఇనప బీరువా పక్కన, అద్దం వెనక, ఫ్రిజ్ మీద, టీవీ కింద మూసిన అరలో రూటర్ పెట్టకండి. మైక్రోవేవ్ నడుస్తున్నంతసేపు 2.4 తడబడుతుంది. యాంటెనాలు నిలువుగా ఉంటే సిగ్నల్ అడ్డంగా పరుచుకుంటుంది. పై అంతస్తుకు కూడా కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచండి.

నెల్లూరు మూలాపేట లాంటి పాత పేటల్లో మందపాటి ఇటుక గోడల ఇళ్లుంటాయి. అక్కడ రెండు గోడల తర్వాత 5 గిగాహెర్ట్జ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. మిద్దె పైకి సిమెంటు స్లాబు, అందులో ఇనప చువ్వల వల. దాన్ని దాటించడానికి రిపీటర్ (వైఫై సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంచే డబ్బా) కొంటారు. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వింటుంది, చెప్తుంది, అందుకే వేగం సగానికి పడుతుంది. పైగా దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడతారు. అక్కడ దానికే సరిగా అందదు, ఇక పంచేదేముంది? ఖర్చు దాదాపు అంతే అయ్యే సరైన పని: కింద రూటర్ నుంచి పైకి ఒక క్యాట్ 6 రకం ల్యాన్ వైరు లాగి, పైన ఇంకో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ కింద ఉన్నవే పైనా, చానెల్ మాత్రం వేరు. కింద 1 అయితే పైన 6 లేదా 11.

వైరు కొనేటప్పుడు పూర్తి రాగి అని అడిగి తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవకే గానీ క్రింప్ చేసిన (కనెక్టర్ నొక్కి బిగించిన) చోట విరుగుతుంది. గరిష్ఠ పొడవు 100 మీటర్లు. గోడ బయట పోయేదైతే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు రకం తీసుకోవాలి. కొసలు మీరే వేసుకుంటే, క్లిప్పు కిందికి పెట్టి ఎడమ నుంచి రంగుల వరుస: నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. రెండు వైపులా ఇదే. ఎనిమిది తీగల్లో గోధుమ జతో, నీలం జతో తగలకపోయినా లైన్ పనిచేస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. 200 ప్లాన్ కట్టి 94 దగ్గర ఆగుతుంటే అనుమానించాల్సింది ఇక్కడ, లేదా పాత రూటర్‌కు 100 పోర్టులే ఉన్నాయేమో అక్కడ.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువు దగ్గర కెమెరా కోసం ఇంటి వైఫైని సాగదీయాలని చూస్తారు. ఇంటి రూటర్ ఆ పనికి కాదు. అడ్డం లేకుండా కంటికి కనిపించే దూరమైతే బయట బిగించే పాయింట్ టు పాయింట్ రేడియో జత (ఒకదానికొకటి ఎదురుగా పెట్టి సిగ్నల్ పంపేవి) పెట్టాలి. చెరువు గట్టు మీదుగా రాగి ల్యాన్ వైరు మాత్రం లాగకండి. పిడుగు దాని వెంబడే ఇంట్లోకి వస్తుంది.

కరెంటు, వేడి, ఉప్పు గాలి

రూటర్, ఓఎన్‌టీ ఎక్కువగా 12 వోల్టులవి. అడాప్టర్ పోతే కొత్తదాని వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు పాతదానికి సమానమో ఎక్కువో ఉండాలి. 12 వోల్టులు, 1.5 ఆంపియర్ల చోట 1 ఆంపియర్‌ది పెడితే లైట్లన్నీ వెలుగుతాయి, నాలుగు ఫోన్లు కలవగానే డబ్బా రీస్టార్ట్ అవుతుంది. నెట్టు "వస్తూ పోతూ" ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

మినీ యూపీఎస్ తీసుకుంటే రెండు డబ్బాలకూ కలిపి తీసుకోండి, రూటర్ ఒక్కటే వెలిగి ఓఎన్‌టీ ఆరిపోతే లాభం లేదు. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా అది లోపలి 3.7 వోల్టుల బ్యాటరీ లెక్క, అంటే 37 వాట్ అవర్లు. నష్టాలు పోను 30 అనుకుంటే, రెండు డబ్బాలూ కలిసి 10 వాట్లు తాగితే మూడు గంటలు.

మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. ఇన్వర్టర్ మీద, పడమటి గోడకు ఆనించి పెట్టిన డబ్బాకు సొంత వేడి కూడా తోడై మధ్యాహ్నం మొరాయిస్తుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలికి ల్యాన్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టండి. ఉరుములు మొదలైతే అడాప్టర్ పీకేయండి. గాజు తీగ పిడుగును మోయదు, కరెంటు ప్లగ్గూ రాగి వైరూ మోస్తాయి.

వేగం ఎలా చూడాలి

ఫోన్‌లో, బెడ్‌రూమ్‌లో చూసిన స్పీడ్ టెస్టు కంపెనీ వేగం కాదు. లాప్‌టాప్‌ను వైరుతో రూటర్‌కు కలిపి, మిగతా ఫోన్లన్నీ వైఫై ఆపి, అప్పుడు చూడండి. వైరులో 95 వచ్చి బెడ్‌రూమ్‌లో 20 వస్తే మీ వైఫై సంగతి చూసుకోవాలి. వైరులోనే 20 వస్తే కంపెనీకి ఫోన్ చేయాలి. రాత్రి ఎనిమిది నుంచి పది దాకే తగ్గి, తెల్లవారుజామున పూర్తిగా వస్తుంటే ఆపరేటర్ దగ్గర లైన్ రద్దీ. అప్పుడు ప్లాన్ పెంచినా తేడా రాదు. అన్నట్టు ఎంబీపీఎస్ మెగాబిట్ల లెక్క, డౌన్‌లోడ్‌లో చూపించే ఎంబీ మెగాబైట్ల లెక్క, ఎనిమిది బిట్లు ఒక బైటు; కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే డౌన్‌లోడ్‌లో సెకనుకు 12.5 ఎంబీ. "వంద అన్నారు, పన్నెండే వస్తాంది" అని గొడవ పడకముందు ఈ లెక్క వేసుకోండి.

లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు రూటర్ అడ్రసుకు, తర్వాత 8.8.8.8కు (బయట ఉన్న గూగుల్ సర్వరు) పింగ్ కొట్టి, అంటే చిన్న సందేశం పోయి రావడానికి ఎంత పడుతుందో చూడటం ఇంకా కచ్చితమైన పద్ధతి. రూటర్‌కే పదుల మిల్లీసెకన్లు పడుతుంటే, మధ్యలో తెగుతుంటే లోపం ఇంట్లోనే. రూటర్‌కు ఒకటి రెండు మిల్లీసెకన్లే పట్టి 8.8.8.8కు తెగుతుంటే బయట.

నెట్టు పోయినప్పుడు

వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కడం ఆఖరి పని, అదీ మీ సొంత రూటర్‌కు మాత్రమే. కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీని పది సెకన్లు నొక్కి రీసెట్ చేస్తే లాగిన్, వీల్యాన్ అన్నీ చెరిగిపోతాయి. కాగితం లేకపోతే మళ్లీ మనిషి రావాల్సిందే. అన్నీ సరిగా నడుస్తున్న రోజునే సెట్టింగ్ పేజీలో బ్యాకప్ నొక్కి ఆ ఫైలును దాచుకోండి.

వీధంతా కరెంటు పోయి, మీ యూపీఎస్ మీద డబ్బాలు వెలుగుతూనే ఉండి, గంట తర్వాత లాస్ ఎర్రబడితే చాలావరకు ఆపరేటర్ దగ్గర బ్యాటరీ అయిపోయినట్టే. దారిలో ఉండే స్ప్లిటర్‌కు (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచేది) కరెంటు అక్కర్లేదు. కరెంటు వచ్చాక అదే వస్తుంది, ఆగండి. కరెంటు ఉన్నప్పుడు ఎర్రబడితే ఇంట్లో వైరు ఎక్కడైనా కుర్చీ కింద నలిగిందా, కోతులు పిట్టగోడ మీద లాగాయా చూసి ఫోన్ చేయండి. చేసినప్పుడు "నెట్టు రావట్లా" అంటే అవతల వాళ్లు రూటర్ ఆపి వేయమంటారు, అక్కడే ఒక పూట పోతుంది. "లాస్ లైటు ఎర్రగా ఉంది, పొద్దున ఏడింటి నుంచి, కనెక్షన్ ఇచ్చినప్పుడు రీడింగ్ మైనస్ 19 ఉండె" అని చెప్పి కంప్లైంట్ నంబరు రాసుకోండి. అది లైన్ పని అని వాళ్లకు అర్థమవుతుంది, మీటరు పట్టుకుని వచ్చే మనిషినే పంపుతారు.